జాబితాలో పైన ఏది ఉండాలి?
ప్రొడక్ట్ ఓనర్ శిక్షణ గురించి దాతలకు ఒక పాఠం

చదువుకు సాయం కోరుతూ మన సొసైటీకి వచ్చే దరఖాస్తుల్లో ఈ మధ్య ఒక కొత్త మాట కనిపిస్తోంది. బీటెక్, ఎంసీఏ, బీఈడీ, నర్సింగ్ లాంటివి మనకు అలవాటే. 'ప్రొడక్ట్ ఓనర్ కోర్సు ఫీజు' అని రాసి ఉంటే మాత్రం ఆ కాగితం ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి తిరుగుతుంది. "ఓనర్ అంటే యజమాని కదా, ఎవరినో యజమానిని చేయడానికి మనం డబ్బు కట్టడమేమిటి?" అని ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఇచ్చే డబ్బు దేనికి పోతుందో తెలుసుకునే హక్కు దాతకు ఉంది. అందుకే ఈ వ్యాసం.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరును కాను, బడిపంతులును. అయితే ఏ విద్య ఎలా నేర్పితే ఒంటబడుతుంది, ఎలా నేర్పితే కాగితం మీదే మిగిలిపోతుంది అన్నది నా వృత్తికి సంబంధించిన విషయం. ఈ కోర్సు విషయంలో తేల్చవలసింది కూడా అదే.

యజమాని కాని ఓనర్

ఇల్లు కట్టేముందు ప్లాను గీయిస్తాం. గదులు, కిటికీలు, మెట్లు అన్నీ ముందే తేల్చుకుంటాం. గోడలు లేచాక వంటగదిని ఇటు నుంచి అటు జరపమంటే మేస్త్రీ మన ముఖం వంక చూస్తాడు. సాఫ్ట్‌వేరును కూడా చాలా కాలం ఇలాగే కట్టారు. ఏమేం కావాలో మొదట వందల పేజీల్లో రాసుకోవడం, తర్వాత డిజైను, ఆ తర్వాత ప్రోగ్రాములు రాయడం, పరీక్షించడం, చివరికి ఏడాదికో రెండేళ్లకో వాడేవారి చేతికి అందించడం. చిక్కేమిటంటే వాడేవారు దాన్ని మొదటిసారి చూసేది అప్పుడే. "మేం చెప్పింది ఇది కాదు" అంటారు. లేదా "చెప్పింది ఇదే, కానీ ఇప్పుడు మా పని మారిపోయింది" అంటారు. అప్పటికి డబ్బూ అయిపోయి ఉంటుంది, కాలమూ అయిపోయి ఉంటుంది.

దీనికి విరుగుడుగా కొందరు చిన్న చిన్న భాగాలుగా కట్టి, ఎప్పటికప్పుడు చూపించి, చెప్పించుకుని, దిద్దుకునే పద్ధతులను తయారు చేసుకున్నారు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో అలాంటివారు 17 మంది కలిసి ఒక చిన్న ప్రకటన రాశారు. అదే ఎజైల్ ప్రకటన. కాగితాల కట్టల కన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్ ముఖ్యమని, వేసుకున్న ప్లానును పట్టుకు వేలాడడం కన్నా మార్పుకు తగ్గట్టు నడవడం ముఖ్యమని అందులోని సారాంశం.

ఎజైల్ పద్ధతుల్లో ఎక్కువగా వాడుకలో ఉన్నది స్క్రమ్. ఇది ఆ ప్రకటన కన్నా పాతది. కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ అనే ఇద్దరు 1995లో దీన్ని ఒక సదస్సులో వివరించారు. పేరు రగ్బీ ఆట నుంచి వచ్చింది. 1986లోనే తకేయుచి, నొనాకా అనే ఇద్దరు జపాను ఆచార్యులు, కొత్త వస్తువులు తయారు చేసే జట్లు రగ్బీ ఆటగాళ్లలా బంతిని అందించుకుంటూ అందరూ కలిసి ముందుకు సాగాలని రాశారు. ఆ పోలికే ఈ పేరుకు మూలం.

స్క్రమ్ జట్టులో సాధారణంగా పదిమందికి మించి ఉండరు. సాఫ్ట్‌వేరును తయారు చేసేవారు డెవలపర్లు. పద్ధతి సరిగ్గా నడిచేలా చూస్తూ, అడ్డంకులు తొలగేలా సాయపడేవారు స్క్రమ్ మాస్టర్. ఇక ఏది ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో, ఏది అసలు చేయనక్కరలేదో తేల్చేవారు ప్రొడక్ట్ ఓనర్. పనిని స్ప్రింట్లు అనే చిన్న గడువులుగా విడగొట్టుకుంటారు. ఒక్కో స్ప్రింట్ నెల దాటకూడదు. చాలా జట్లు రెండు వారాలు పెట్టుకుంటాయి. ప్రతి స్ప్రింట్ చివర తయారైన భాగాన్ని సంబంధించినవారికి చూపిస్తారు. చేయవలసిన పనులన్నీ ఒకే జాబితాలో, వరుసలో ఉంటాయి. ఆ జాబితాను ప్రొడక్ట్ బ్యాక్‌లాగ్ అంటారు. ఆ వరుసకు జవాబుదారీ ప్రొడక్ట్ ఓనర్.

అంటే ఈ ఓనర్‌కు కంపెనీలో వాటా ఏమీ ఉండదు. నెల జీతం తీసుకునే ఉద్యోగే. ఆయన లేదా ఆమె చేతిలో ఉన్నది జాబితా మీద అధికారం మాత్రమే. స్క్రమ్ నియమాలన్నీ 'స్క్రమ్ గైడ్' అనే చిన్న పుస్తకంలో ఉన్నాయి. 2020 ఇంగ్లిషు ప్రతి పదమూడు పేజీలే, ఉచితంగా దొరుకుతుంది. ప్రొడక్ట్ ఓనర్ అంటే ఒక మనిషి, కమిటీ కాదు అని అందులో ఖండితంగా రాశారు. ఎవరికైనా వరుస మార్చాలనిపిస్తే ఆ ఒక్క మనిషిని ఒప్పించాలి తప్ప, నేరుగా డెవలపర్ల దగ్గరికి వెళ్లి "ముందు నాది చేసిపెట్టు బాబూ" అనకూడదు. ఏళ్ల తరబడి కమిటీలలో కూర్చున్న మనబోటి వారికి ఈ నియమం కాస్త గుచ్చుకుంటుంది. అయినా ఆలోచించదగ్గదే.

జాబితా లేక పాడైన ఒక పని

ఈ వరుస ఎందుకంత ముఖ్యమో అర్థం కావడానికి అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కథ చెప్పుకోవాలి. ఇది అక్కడి న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదికల్లో నమోదైన విషయం.

ఎఫ్‌బీఐ దర్యాప్తు అధికారులు కేసుల వివరాలను కాగితం ఫారాల మీద, ఒక పాతకాలపు కంప్యూటర్ వ్యవస్థలో నడుపుతూ ఉండేవారు. దాన్ని మార్చడానికి మొదట 'వర్చువల్ కేస్ ఫైల్' అనే ప్రాజెక్టు పెట్టారు. సుమారు 170 మిలియన్ డాలర్లు, అంటే 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో దాన్ని వదిలేశారు. తర్వాత 2006లో 'సెంటినెల్' పేరుతో మళ్లీ మొదలుపెట్టి ఒక పెద్ద కంపెనీకి అప్పగించారు. నాలుగు దశల్లో 2009 చివరికి పూర్తి కావాలి. 2010 నాటికి 451 మిలియన్ డాలర్ల బడ్జెట్‌లో దాదాపు 405 మిలియన్లు ఖర్చయ్యాయి. నాలుగు దశల్లో చేతికొచ్చినవి రెండే.

అప్పుడు ఎఫ్‌బీఐ పనిని తన చేతుల్లోకి తీసుకుంది. జట్టును బాగా కుదించింది. మిగిలిన పనిని సుమారు 670 చిన్న అంశాల జాబితాగా రాసుకుని, వరుస పెట్టుకుని, రెండు వారాల స్ప్రింట్లలో ఒక్కొక్కటీ పూర్తి చేస్తూ, ఎప్పటికప్పుడు అయినదాన్ని చూపిస్తూ వెళ్లింది. 2012 జులై 1న సెంటినెల్ ఉద్యోగులందరికీ అందుబాటులోకి వచ్చింది. ఎజైల్ అనగానే మంత్రం వేసినట్టు జరిగిపోయిందని అనుకోకండి. 2011లో అవుతుందనుకున్నది 2012 దాకా సాగింది. తేడా ఏమిటంటే ఎంత ఆలస్యమవుతోందో రెండు వారాలకోసారి అందరి కళ్ల ముందూ కనిపించింది. అంతకుముందు అలా కనిపించే మార్గం లేదు.

ఆ ప్రోగ్రాములు రాసినవారి తెలివితేటల గురించి ఇక్కడ ప్రశ్న లేదు. ఏది ముందు అనే మాటకు ఎవరో ఒకరు జవాబు చెప్పడం, ఆ జవాబును ఎప్పటికప్పుడు పనితో సరిచూసుకోవడం, ఈ రెండే పరిస్థితిని మార్చాయి. ప్రొడక్ట్ ఓనర్‌కు నేర్పవలసింది ఇదే. ఇది క్లాసులో నోట్సు రాయించి నేర్పగలిగేది కాదు.

మన స్కాలర్‌షిప్పులతోనే ఒక అభ్యాసం

మాటల్లో చెబితే గాలిలో చెప్పినట్టు ఉంటుంది. మనకు తెలిసిన పనినే తీసుకుందాం. స్కాలర్‌షిప్ దరఖాస్తుల కోసం సొసైటీ ఒక సాఫ్ట్‌వేర్ చేయించాలనుకుందనుకోండి. ఐదుగురు శిక్షణార్థుల జట్టులో ఒక అమ్మాయి ప్రొడక్ట్ ఓనర్. ఆమె మొదటి వారం కంప్యూటర్ ముట్టుకోదు. మనుషుల దగ్గరికి వెళ్లి వింటుంది.

అధ్యక్షులవారు, మొదటి పేజీలో వార్షికోత్సవం ఫోటోలు, దాతల పేర్లు రావాలంటారు. కోశాధికారికి దాత డబ్బు కట్టిన మరుక్షణం రసీదు వెళ్లాలి, లెక్క రూపాయితో సహా తేలాలి. ఆఫీసు చూసుకునే గుమస్తాకు ఒకే వివరాన్ని మూడు రిజిస్టర్లలో రాసే బాధ తప్పాలి. విద్యార్థినికి తన ఫారం చేరిందో లేదో తెలియాలి. ఆమె తల్లి చెప్పేది ఇంకొకటి: ఇంట్లో ఉన్న స్మార్ట్‌ఫోను పగలంతా తండ్రి వెంట ఆటోలో తిరుగుతుంది, తన దగ్గర ఉన్నది బటన్ల ఫోను. కాలేజీవారికి మన సంగతులతో నిమిత్తం లేదు, వారికి ఫీజు ఆఖరు తేదీ ఒక్కటే లెక్క.

ఇందులో ఎవరి కోరికా తప్పు కాదు. జట్టు రెండు వారాల్లో చేయగలిగేది మాత్రం మూడు చిన్న పనులు. జాబితాలో పైన ఏది ఉండాలి?

కొత్తగా నేర్చుకునేవారు దాదాపు అందరూ ఒకటే జవాబు చెబుతారు: ఎవరినీ నొప్పించకుండా అందరికీ తలా కొంచెం. వినడానికి మర్యాదగా ఉంటుంది. కానీ రెండు వారాల తర్వాత చూస్తే సగం ఫోటోల పేజీ, సగం రసీదు, సగం రిజిస్టరు మిగులుతాయి. ఏ ఒక్కటీ ఎవరికీ పనికిరాదు. పెళ్లి భోజనానికి బిర్యానీ సగం, ఖుబానీ సగం, రొట్టెలు సగం ఉడికించి బంతి వేసినట్టు.

రెండో రకం జవాబు, పెద్దవారు అడిగింది ముందు పెట్టడం. నిజమైన ఉద్యోగాల్లోనూ జరిగేది ఎక్కువగా ఇదే.

మూడో దారి, ఇబ్బంది అసలు ఎక్కడుందో వెతకడం. ఆ అమ్మాయి గడచిన ఏడాది దరఖాస్తుల కట్ట తీసి చూస్తుంది. అభ్యాసం కోసం ఒక లెక్క వేసుకుందాం: నలభై దరఖాస్తుల్లో పదిహేనింటికి ఆదాయ ధ్రువపత్రమో, బ్యాంకు పాస్‌బుక్ నకలో తక్కువ. ఆ సంగతి కమిటీ కూర్చున్న రోజుకు గానీ బయటపడలేదు. కబురు వెళ్లి, వాళ్లు మీసేవ చుట్టూ తిరిగి కాగితం తెచ్చేసరికి కాలేజీ గడువు దాటింది. సొసైటీ దగ్గర డబ్బు ఉంది, ఇవ్వాలన్న మనసూ ఉంది. సీటు మాత్రం పోయింది.

ఇది కనబడ్డాక జాబితా తనంతట తానే వరుస మార్చుకుంటుంది. ఫారం అందుకున్న రోజే గుమస్తా తక్కువైన కాగితాల ఎదుట టిక్కు పెట్టాలి. అదే రోజు ఆ ఇంటికి మామూలు ఎస్‌ఎంఎస్ వెళ్లాలి, బటన్ల ఫోనుకు కూడా అందేలా. పైన ఉండవలసింది ఇదే. దీనికి యాప్ కూడా అక్కరలేదు. రసీదుల పని దాని కింద, రిజిస్టర్ల పని ఆ తర్వాత. ఫోటోల పేజీ ఎక్కడో అడుగున.

ఇప్పుడు అసలు పరీక్ష. ఈ వరుసను ఆమె వెళ్లి అధ్యక్షులవారికి చెప్పాలి.

"ఏం బేటీ, దాతల పేజీ ఎంతవరకు వచ్చింది?"

"ఇంకా మొదలుపెట్టలేదు అంకుల్. ముందు కాగితాలు తక్కువైన పిల్లలకు కబురు వెళ్లే పని చేస్తున్నాం. పోయినేడు పదిహేనుమందికి దాని వల్లే ఆలస్యమైంది."

"దాతల పేర్లు లేకపోతే దాతలు ఎలా వస్తారమ్మా?"

"నిజమే అంకుల్. ఈ జూన్‌లో ఒక్క సీటూ పోలేదని చెప్పగలిగితే, దాతల పేజీలో మొదట రాయవలసింది కూడా అదే కదా. జులైలో ఆ పేజీ మొదలుపెడదాం. అప్పటికి రాయడానికి సంగతి ఉంటుంది."

ఈ నాలుగు మాటలు చెప్పగలగడమే ప్రొడక్ట్ ఓనర్ విద్యలో సగం. అవునని అనడం ఎవరికైనా వస్తుంది. కాదని చెప్పడం, అదీ పెద్దవారికి, మర్యాద చెడకుండా, కారణం చూపిస్తూ చెప్పడం అభ్యాసం మీదే వస్తుంది. మన ఇళ్లలో ఆడపిల్లలకు, ఆ మాటకొస్తే మగపిల్లలకూ, పెద్దల ఎదుట ఇలా మాట్లాడే అవకాశం తక్కువ. ఆ అలవాటు లేకుండా పరీక్షలో నూటికి తొంభై తెచ్చుకుని కంపెనీలో చేరితే, మొదటి మీటింగులోనే తలూపి జాబితా అంతా తారుమారు చేసుకుని వస్తారు.

వరుస తేలాక పనిని రాసుకోవాలి. దానికి 'యూజర్ స్టోరీ' అనే చిన్న చీటీ వాడతారు. వాడేవారి నోటితో చెప్పించినట్టు మూడు ముక్కల్లో ఉంటుంది: నేను ఎవరిని, నాకేం కావాలి, ఎందుకు. లండన్‌లోని కనెక్స్‌ట్రా అనే కంపెనీలో 2001 ప్రాంతంలో ఈ మూస వాడుకలోకి వచ్చింది. మన పనికి ఇలా రాయవచ్చు: "దరఖాస్తు పెట్టిన విద్యార్థినిగా, ఏ కాగితం తక్కువైందో నాకు అదే రోజు తెలియాలి, ఫీజు గడువులోపు తెచ్చి ఇచ్చుకోవడానికి." ఈ మూడింటిలో శిక్షణార్థులు తేలికగా తీసుకునేది ఆ చివరి 'ఎందుకు'. అది రాయకపోతే డెవలపర్ వారానికోసారి మెసేజ్ పంపే ఏర్పాటు చేసి పని అయిపోయిందంటాడు. తప్పు అతనిది కాదు.

ఎజైల్ ప్రకటన రాసినవారిలో ఒకరైన రాన్ జెఫ్రీస్ ఈ చీటీ గురించి ఒక మంచి సంగతి చెప్పారు. చీటీ అంటే చీటీ ఒక్కటే కాదు, దాని చుట్టూ జరిగే సంభాషణ, చివర పని అయిందని రూఢి చేసుకోవడం, ఈ మూడూ కలిస్తేనే స్టోరీ అని. రూఢి చేసుకోవడానికి షరతులు ముందే రాసుకుంటారు. మన చీటీకి ఇలా ఉండవచ్చు: తక్కువైనవి ఒకటైనా మూడైనా ఒకే మెసేజ్ రావాలి, తెలుగు, ఉర్దూ రెండింటిలో కోరుకున్న భాషలో రావాలి, నంబరు తప్పై మెసేజ్ వెళ్లకపోతే ఆ సంగతి గుమస్తాకు కనబడాలి. బీఈడీలో మాకు పాఠ్యపథకం రాయడం నేర్పినప్పుడు 'పీరియడ్ ముగిసేసరికి విద్యార్థి ఏం చేయగలగాలి' అని ముందే రాయమనేవారు. 'అర్థం చేసుకుంటాడు' అని రాస్తే కొట్టేసేవారు, 'గుర్తిస్తాడు, పోలుస్తాడు, లెక్కిస్తాడు' అని రాయించేవారు. ఇదీ అలాంటిదే. చూసి అవునో కాదో చెప్పగలిగేలా ఉండాలి.

రెండు వారాలు గడిచాయి. తయారైనదాన్ని గుమస్తాగారి ముందు పెట్టారు. ఆయన నాలుగు టిక్కులు పెట్టి చూసి, "బాగానే ఉంది. కానీ మెసేజ్ చూసి వాళ్లు తిరిగి ఫోను చేస్తే ఎవరు ఎత్తుతారు?" అన్నారు. ఐదుగురిలో ఒక్కరికీ ఈ ఆలోచన రాలేదు. జాబితాలో కొత్త అంశం చేరింది, వరుస మళ్లీ మారింది. ఎన్ని వీడియోలు చూసినా ఈ ప్రశ్న వచ్చేది కాదు. రోజూ ఆ కుర్చీలో కూర్చునే మనిషి ఎదురుగా ఉండబట్టే వచ్చింది.

సర్టిఫికెట్ల సంగతి

అమీర్‌పేటలో ఒకసారి నడిచిన వారెవరికైనా ఆ బోర్డుల వరస గుర్తుంటుంది. ఒకప్పుడు జావా, ఒరాకిల్, తర్వాత టెస్టింగ్, ఇప్పుడు వాటి పక్కనే స్క్రమ్ మాస్టర్, ప్రొడక్ట్ ఓనర్, బిజినెస్ అనలిస్ట్. ఆ కోర్సులు మంచివా చెడ్డవా అని టోకున తీర్పు చెప్పను. నేర్పేవారిని బట్టి ఉంటుంది. సర్టిఫికెట్ ఎవరిది, దానికి ఏం చేయాలి అన్నది మాత్రం దాతలకు తెలిసి ఉండాలి.

ప్రపంచంలో ఎక్కువగా పేరున్నవి రెండు. ఒకటి స్క్రమ్ అలయన్స్ అనే సంస్థ ఇచ్చే సీఎస్‌పీఓ. వారి గుర్తింపు ఉన్న శిక్షకుడి దగ్గర సాధారణంగా రెండు రోజుల క్లాసుకు హాజరై, అందులో పాల్గొంటే ఇస్తూ వచ్చారు. రెండేళ్లకోసారి రుసుము కట్టి పునరుద్ధరించుకోవాలి. రెండోది కెన్ ష్వేబర్ 2009లో స్థాపించిన స్క్రమ్ డాట్ ఆర్గ్ వారి పీఎస్‌పీఓ. దీనికి క్లాసు తప్పనిసరి కాదు. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ పరీక్ష రాయవచ్చు: 60 నిమిషాలు, 80 ప్రశ్నలు, 85 శాతం వస్తేనే పాస్. మొదటి స్థాయి పరీక్ష రుసుము 200 డాలర్లు. ఒకసారి పాసైతే గడువు తీరడమంటూ ఉండదు. అదే సంస్థ సైటులో ప్రొడక్ట్ ఓనర్‌పై ఉచిత నమూనా పరీక్ష ఉంది, ఎన్నిసార్లైనా రాసుకోవచ్చు. పెద్ద కంపెనీల్లో అనేక జట్లను కలిపి నడిపే సేఫ్ అనే పద్ధతికి వేరే సర్టిఫికెట్లు ఉన్నాయి. చేతిలో ఉద్యోగం లేనివారు వాటి జోలికి ఇప్పుడే పోనక్కరలేదని నా అభిప్రాయం.

కాబట్టి ఒక కోచింగ్ కేంద్రం పెద్ద మొత్తం అడిగితే, అందులో పరీక్ష రుసుము ఎంత, బోధన ఎంత, సర్టిఫికెట్ ఎవరి పేరు మీద వస్తుంది అని విడదీసి అడగండి. కేంద్రం తన పేరు మీదే ఇచ్చుకునే కాగితానికి బయట విలువ తక్కువ. ముందే మొత్తం ఫీజు కట్టేయడం కన్నా, నమూనా పరీక్షలో వరుసగా మంచి మార్కులు తెచ్చి చూపించినవారికి పరీక్ష రుసుము మాత్రం ఇవ్వడం మేలు. పదమూడు పేజీల గైడును శ్రద్ధగా నాలుగుసార్లు చదవనివారికి మన డబ్బు ఎందుకు? చదవడానికి పైసా ఖర్చు లేదు. హెన్రిక్ క్నిబర్గ్ అనే ఆయన బొమ్మలు గీస్తూ ప్రొడక్ట్ ఓనర్ పనిని వివరించిన పావుగంట వీడియో 2012 నుంచి యూట్యూబ్‌లో ఉచితంగా ఉంది. మొదటి రోజు క్లాసులో అది చూపిస్తే ఒక పూట మిగులుతుంది.

ఇంకొక నిజం కూడా పిల్లలకూ తల్లిదండ్రులకూ ముందే చెప్పాలి. డిగ్రీ అయిన వెంటనే ప్రొడక్ట్ ఓనర్‌గా తీసుకునే కంపెనీలు అరుదు. టెస్టింగులోనో, కస్టమర్ సపోర్టులోనో, బిజినెస్ అనలిస్ట్‌గానో కొన్నేళ్లు పనిచేసి, వాడేవారి బాధ తెలిశాక ఈ పనికి వస్తారు. లేదా ఏదో ఒక రంగం లోతుగా తెలిసినవారు వస్తారు. బ్యాంకులో పదేళ్లు చేసినవారు బ్యాంకు సాఫ్ట్‌వేరుకు, ఆసుపత్రి బిల్లింగులో చేసినవారు ఆసుపత్రి సాఫ్ట్‌వేరుకు పనికొస్తారు. ప్రోగ్రాములు రాయడం రానక్కరలేదు. అందుకే నా లెక్కలో ఈ శిక్షణకు తగినవారు ఇప్పుడు మనకు దరఖాస్తు పెడుతున్న కొత్త గ్రాడ్యుయేట్ల కన్నా ఇంకొందరు ఉన్నారు. బీకాం చదివి లెక్కల పనిచేసి, పిల్లలు పుట్టాక మానేసి, ఇప్పుడు మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటున్న తల్లులు. ట్రావెల్స్ ఆఫీసుల్లో, మెడికల్ ఏజెన్సీల్లో ఏళ్ల తరబడి కౌంటర్ నడిపిన కుర్రాళ్లు. గల్ఫ్‌లో స్టోర్‌కీపర్లుగా చేసి తిరిగొచ్చినవారు. వీరికి పని తెలుసు, మనుషులు తెలుసు. లేనిది ఈ పద్ధతి, ఇంగ్లిషులో నలుగురి ముందు మాట్లాడే ధైర్యం.

దాతల నుంచి కావలసింది

రెండు రోజుల క్లాసుకు కట్టే డబ్బుతో మన హాల్లోనే మూడు నెలల అభ్యాసం నడపవచ్చు. వారానికి రెండు సాయంత్రాలు చాలు. మొదటి రెండు వారాలు గైడు, మాటల అర్థాలు. ఆ తర్వాతదంతా పనే. ఐదేసి మంది జట్లు, ఒక్కో జట్టుకు ఒక నిజమైన సమస్య, రెండు వారాలకో స్ప్రింట్. ప్రొడక్ట్ ఓనర్ కుర్చీలో వంతుల వారీగా అందరూ కూర్చోవాలి. హైదరాబాద్ కంపెనీల్లో ఈ పని చేస్తున్న మన పిల్లలు ఉన్నారు. ఆదివారం ఒక గంట ఆన్‌లైన్‌లో జాబితాలు చూసి విమర్శించమంటే కాదనరు. కంప్యూటర్లు కూడా పెద్దగా అక్కరలేదు. గోడకు చార్టు, రంగు చీటీలు, స్కెచ్ పెన్నులు చాలు. తయారు చేసేది సాఫ్ట్‌వేరే కానక్కరలేదు, ఒక ఎక్సెల్ షీటుతోనో గూగుల్ ఫారంతోనో తీరిపోయే సమస్య అయితే మరీ మంచిది. అక్కడ నేర్చుకునేది వరుస పెట్టడం.

దొరకనిది ఒక్కటే, నిజమైన సమస్య ఉన్న మనిషి. శిక్షకుడు తానే కస్టమర్‌గా నటిస్తే పిల్లలు ఆయనకు నచ్చే జవాబు ఊహించి చెబుతారు. పరీక్షలో ఏది వస్తుందో ఊహించినట్టే. నిజమైన కస్టమర్ అలా కాదు. మధ్యలో ఫోను మాట్లాడతాడు, నిన్న చెప్పింది నేడు మారుస్తాడు, "అన్నీ కావాలి, రేపటికే కావాలి" అంటాడు, ధర అడుగుతాడు. ఆ గందరగోళంలోంచి ఒక్క మొదటి పని తేల్చడం నేర్చుకోవాలి.

ఈ సంచిక చదివేవారిలో బట్టల దుకాణాలు, టింబర్ డిపోలు, క్లినిక్కులు, ఫంక్షన్ హాళ్లు, బేకరీలు నడిపేవారు ఉన్నారు. ఉద్దరకు ఇచ్చిన బాకీల లెక్క తేలకపోవడం, ఆర్డరిచ్చిన కేకు మీద పేరు తప్పు రాయడం, డిపోలో ఏ సైజు కలప ఎంత ఉందో యజమాని వస్తే గానీ చెప్పలేకపోవడం, ఇలాంటి చిక్కు ఒకటైనా లేని వ్యాపారం ఉండదు. చెక్కుతో పాటు ఆ చిక్కును కూడా ఇవ్వమని అడుగుతున్నాను. మూడు నెలల పాటు ఒక జట్టుకు మీరు కస్టమర్ కావాలి. వాళ్లు అడిగినవాటికి ఉన్నదున్నట్టు చెప్పాలి. తయారు చేసి తెచ్చినది బాగా లేకపోతే, పిల్లలు కదా అని మొహమాట పడకుండా బాగా లేదనాలి. లెక్కల అంకెలు బయటికి రావన్న భరోసా సొసైటీ రాతపూర్వకంగా ఇవ్వాలి. అది న్యాయం.

ఆరు జట్లకు ఆరుగురు దొరికితే జూన్‌లో మొదలుపెట్టవచ్చు. మీ నుంచి కావలసిన సమయం రెండు వారాలకోసారి ఒక గంట. దాని కోసం హాలు దాకా రానక్కరలేదు. మధ్యాహ్నం బేరాలు పలచగా ఉండే వేళ చెబితే, పిల్లలే కాగితం, పెన్ను పట్టుకుని మీ కౌంటర్ దగ్గరికి వస్తారు.